చోటు చెప్పు యంత్రము – దానిని చదువు నేర్పు

(మన పాఠశాల తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



ఈ సంవత్సరము కూడ మన పిల్లలను ప్రకృతి పరిశీలనకై జవళగిరి అడవి ప్రాంతమునకు తీసికొనిపోవ తలచి, మీ సమ్మతి పత్రములు కోరియున్నాము. పలువురు సంతకము చేసి పంపిరి. కొందరు పంపలేదు. పంపనివారిలో ఒక తల్లి స్వయముగా నా గదికి వచ్చి, "అయ్యా, రెండేండ్ల క్రిందట జరిగినది మేము మరువలేదు. ఈ తడవ పిల్లలు దారి తప్పరని మీరు మాట యియ్యగలరా?" అని అడిగెను. అది న్యాయమైన ప్రశ్న. ఆమెకు ఆనాడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. ఈ సభాముఖమున చెప్పుటకు ప్రయత్నింతును.

ఇదిగో, నా చేతిలోనున్న యీ యంత్రమును చూడుడు. అరచేతిలో ఇముడును. దీనిని జి.పి.యస్. యంత్రమందురు. మన పూర్వవిద్యార్థి యొకడు పాఠశాలకు బహూకరించినాడు. మనము భూమిపై ఏ చోట నిలిచియున్నామో అక్షాంశ రేఖాంశములలో చెప్పుట దీని పని. రెండేండ్ల క్రిందట మనలను చిక్కులో పెట్టినది ఈ యంత్రమే యని ఊరిలో కొందరు అనుకొనుచున్నారు. అది నిజము కాదు. తప్పు యంత్రముది కాదు, నాది. ఆ సంగతి మొదట చెప్పి, తరువాత యంత్రము సంగతి చెప్పెదను.

ఆ ఫాల్గుణ మాసమున, అటవీశాఖవారి అనుమతితో, వారు పంపిన కావలివానిని వెంటబెట్టుకొని, ఇరువదిమందికి పైగా పిల్లలతో బయలుదేరితిమి. మధ్యాహ్నము భోజనములైన పిదప రెండు జట్లుగా విడిపోతిమి. మా సహాయోపాధ్యాయులొకరు ఐదుగురు పిల్లలతో ఒక వంక వెంబడి మొక్కలు చూడబోయిరి. యంత్రము వారివద్ద ఉండెను. ఐదు గంటలకు రావలసినవారు ఐదున్నరకును రాలేదు. అంతలో నా ఫోను మ్రోగినది. మాట తెగి తెగి వినబడుచుండెను. ఒక పిల్లవాని కాలు బెణికినదనియు, దారి గుర్తు తెలియుటలేదనియు ఆయన చెప్పి, యంత్రముపై కనబడిన అంకెలు చదివెను. నేను చేతికందిన కాగితము ముక్కపై వ్రాసికొంటిని. అంతలో ఫోను నిలిచిపోయినది. మరల తగులలేదు.

ఆయన చదివినది ఉత్తర అక్షాంశము 12 డిగ్రీల 30.420 నిమిషములు. నేను వ్రాసికొన్నది 12 డిగ్రీలు, 30 నిమిషములు, 42 సెకనులు. చుక్క తరువాతి అంకెలు సెకనులే యని నేను తలచితిని. అవి సెకనులు కావు, నిమిషములో భాగములు. ఒక నిమిషమునకు 60 సెకనులు గనుక, 0.420 నిమిషమనగా 25.2 సెకనులు మాత్రమే. నేను 16.8 సెకనులు ఎక్కువ వేసికొంటిని. అక్షాంశములో ఒక సెకను నేలమీద సుమారు 31 మీటర్లు. లెక్క కట్టి చూడుడు: అరకిలోమీటరునకు పైమాటే.

బయలు నేలపై అరకిలోమీటరు ఎంత? కేక వేసిన వినబడును. కాని అడవిలో మేము గుట్టకు ఆవలి ప్రక్కకు పోయి వెదకితిమి. వారు ఈవలి ప్రక్కనుండిరి. మా కేకలు వారికి చేరలేదు. ఆ సీమలో ఏనుగులు తిరుగునని మీకు నేను చెప్పవలసిన పనిలేదు; రాగి కోతల కాలమున అవి మీ చేలకే వచ్చును. ప్రొద్దు గ్రుంకినది. కావలివాడు మాటాడుట మానెను. ఆ గంటసేపు నా మనస్సు ఎట్లుండెనో నేనిక్కడ వర్ణింపను.

అప్పుడు మా జట్టులోని పదవ తరగతి బాలిక యొకతె నా చేతిలోని కాగితము చూచి, "అయ్యా, అయ్యవారు చుక్క అని చదివినారా, లేక సెకనులు అని చదివినారా?" అని అడిగెను. నేను చుక్క అని ఒప్పుకొంటిని. ఆ బిడ్డ ఆ కాగితము వెనుకనే గుణించి 25.2 అని చూపెను. మేము గుట్ట దిగి వెనుకకు వచ్చితిమి. ఏడున్నర గంటలకు ఆరుగురును దొరికిరి. కాలు బెణకుట తప్ప ఎవరికిని మరే హానియు కలుగలేదు. అది మన అదృష్టము. మన సమర్థత కాదు.

ఇప్పుడు యంత్రము సంగతి. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ముప్పదికి తక్కువగాని ఉపగ్రహములు దినమునకు రెండు పర్యాయములు భూమిని చుట్టుచున్నవి. అమెరికా దేశమువారు వీనిలో మొదటిదానిని 1978లో పంపిరి. 1995 నాటికి ఏర్పాటు పూర్తియైనది. మొదట పౌరుల వాడుకకు బుద్ధిపూర్వకముగా కొంత దోషము కలిపి పంపెడివారు. 2000 సంవత్సరము మే నెలలో దానిని తీసివేసిరి. అప్పటినుండియే ఇటువంటి చిన్న యంత్రములు బయలున సాధారణముగా మూడు మొదలు పది మీటర్ల లోపలి తేడాతో చోటు చెప్పగలుగుచున్నవి. మన దేశమువారును 2013 నుండి ఇట్టి ఉపగ్రహములను పంపుచున్నారు. ఆ ఏర్పాటునకు నావిక్ అని పేరు.

ప్రతి ఉపగ్రహములోను అతి సూక్ష్మమైన గడియారము కలదు. "నేనిక్కడ ఉన్నాను, ఇప్పుడింత సమయము" అని అది ఎడతెగక చెప్పుచుండును. ఆ మాట కాంతి వేగముతో, అనగా సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల వేగముతో, సుమారు సెకనులో పదునైదవ వంతు కాలములో మనకు చేరును. ఎంత ఆలస్యముగా చేరినదో చూచి యంత్రము దూరము గణించును. మూడు ఉపగ్రహముల దూరము తెలిసిన చోటు తెలియును. కాని మన చేతిలోని యంత్రపు గడియారము అంత సూక్ష్మమైనది కాదు. సెకనులో పదిలక్షవ వంతు తప్పినను 300 మీటర్లు తప్పును. ఆ తప్పు దిద్దుకొనుటకు నాలుగవ ఉపగ్రహము కావలెను. కావున ఆకాశమున నాలుగింటికి తక్కువ వినబడినప్పుడు యంత్రము చెప్పు చోటును నమ్మరాదు.

ఇక్కడ మీరు రెండు సంగతులు మనస్సునందుంచుకొనవలెను. మొదటిది: ఇది రేడియో పెట్టెవలె వినునదే గాని పలుకునది కాదు. "పిల్లలవద్ద జి.పి.యస్. ఉన్నది గదా, వారెక్కడున్నారో ఎవరికైనను తెలియును" అని కొందరు తలంతురు. తెలియదు. యంత్రము తన చోటును చేతిలో పట్టుకొన్నవానికి చెప్పునే గాని, ఇంటనున్న తల్లికి చెప్పదు. ఆ మాట మనుష్యుడే మనుష్యునకు చెప్పవలెను. ఉపగ్రహము ద్వారా సందేశము పంపు వేరు రకము యంత్రములు కలవు. మన దేశమున వానిని ప్రభుత్వపు అనుమతి లేక ఉంచుకొనరాదు. విదేశమునుండి బంధువులు తెచ్చి యిచ్చినను జాగ్రత్త. రెండవది: ఇది వినుటకు ఫోను కంబములతో పనిలేదు. కంబము లేని చోటను పనిచేయును. మీ ఫోనులోని జి.పి.యస్. కూడ అంతే, అయితే ఫోనులోని పటము ముందుగా దించి ఉంచుకొననిచో, కంబము లేని చోట చోటు తెలియును గాని పటము కనబడదు.

ఇక వాడుకొను విధము. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు గదా! మొదట మన బడి మైదానముననే నేర్చుకొనవలెను.

యంత్రమును ఆరుబయట, తలపై ఆకాశము కనబడు చోట తెరచి, కదలక నిలువుడు. చాల దినములు మూసియుంచినను, దూరపు ఊరికి తెచ్చినను, అది ఉపగ్రహములను వెదకుటకు కొన్ని నిమిషములు పట్టును. ఒక ఉపగ్రహము తన చోటు వివరమును పూర్తిగా చెప్పుటకే 30 సెకనులు కావలెను. అన్నిటి పట్టికను పూర్తిగా చెప్పుటకు పన్నెండున్నర నిమిషములు పట్టును. ఓపిక లేక నడక ప్రారంభించినచో ఇంకను ఆలస్యమగును.

చోటు కుదిరిన వెంటనే చేయవలసిన మొదటి పని, బయలుదేరు చోటును గుర్తుగా వ్రాయించుట. బండి నిలిపిన చోటున నిలిచి గుర్తు పెట్టుడు. "బండి" అని పేరు పెట్టుడు. ఆనాడు మేమీ పని చేయలేదు. చేసియుండినచో మా ఉపాధ్యాయులు ఫోను చేయవలసిన అగత్యమే లేకపోయెడిది. బాణము చూచుకొని తామే తిరిగి వచ్చియుందురు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న చందమున ఈ సంగతి నాకు మరునాడు తోచినది.

తిరుగు ప్రయాణమున "ఆ గుర్తునకు పొమ్ము" అన్నచో యంత్రము బాణము చూపును, దూరము చెప్పును. అది కాకి ఎగురు దూరము. నడుమనున్న వంకయు, బండయు, ముళ్ళపొదయు బాణమునకు తెలియవు. అందుచేత వచ్చిన దారిని అడుగడుగున వ్రాసికొనునట్లు యంత్రమును ముందే అమర్చి, వచ్చిన అడుగులవెంబడి తిరిగి రావలెను. ఎక్కిన గుట్టను ఎక్కిన చోటనే దిగుట మేలు.

ఇప్పుడు చిక్కులను, వాని నివారణమును చెప్పెదను.

యంత్రము చోటు చెప్పనిచో మొదట తల పైకెత్తి చూడుడు. దట్టమైన కొమ్మలు, నిట్టనిలువు బండలు, ఎత్తైన మేడలు ఉపగ్రహముల మాటను అడ్డగించును, లేక ప్రతిధ్వనివలె త్రిప్పి పంపును. అప్పుడు చోటు కుప్పిగంతులు వేయుచున్నట్లు తెరపై కనబడును. కొంచెము బయలునకు జరిగి, యంత్రమును మన శరీరము క్రమ్మకుండ చేత నిలిపి, కొన్ని నిమిషములు వేచియుండుడు.

బాణము పిచ్చిగా తిరుగుచున్నచో రెండు కారణములుండును. కొన్ని యంత్రములలో దిక్సూచి వేరుగా లేదు. మనము నడచినప్పుడే అవి దిక్కు తెలిసికొనును. నిలిచియున్నప్పుడు వాని బాణమును నమ్మరాదు. పది ఇరువది అడుగులు నేరుగా నడచి చూడుడు. దిక్సూచి ఉన్న యంత్రమైనచో, సెల్లులు మార్చినప్పుడెల్ల అది చెప్పినట్లు చేతిలో నిదానముగా త్రిప్పి సరిచేయవలెను. ఇనుప వస్తువులకును బండికిని దూరముగా నిలిచి ఆ పని చేయుడు.

ఎత్తు చెప్పు అంకె చోటు చెప్పు అంకెకంటె తక్కువ నమ్మదగినది. గాలి ఒత్తిడిని చూచి ఎత్తు చెప్పు యంత్రమైనచో, ఎత్తు తెలిసిన చోట ఉదయమే సరిచేసికొనవలెను. వాతావరణము మారిన మరల తప్పును.

తేదీ మాత్రమే తప్పుగా చూపుచున్నదా? ఉపగ్రహములు వారములను 1,023 వరకు లెక్కించి మరల సున్న నుండి మొదలుపెట్టును. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిలులో ఒకసారి అట్లు జరిగినది. పాత యంత్రములు కొన్ని అందువలన తికమకపడును. తయారుచేసినవారు ఇచ్చు క్రొత్త ఆదేశములను కంప్యూటరు ద్వారా ఎక్కించిన సరిపడవచ్చును.

యంత్రము కొయ్యబారి మీట నొక్కినను పలుకనిచో, సెల్లులు తీసి, కొంతసేపు ఆగి, మరల వేసి చూడుడు. అన్నిటిని చెరిపివేయు ఉపాయమును చివరకు గాని చేయరాదు. దానితో మన గుర్తులన్నియు పోవును. కావున ముఖ్యమైన గుర్తుల అంకెలను నోటుపుస్తకములో వ్రాసియుంచవలెను.

సెల్లుల సంగతి. ఆనాడు ఫోను తెగిన కొద్దిసేపటికే మా యంత్రమును ఆరిపోయినది. తరువాత తెరచి చూడగా ఒకటి క్రొత్త సెల్లు, ఒకటి పాతది! రెండును ఒకే రకమువి, ఒకే నాడు వేసినవి కావలెను. మరల నింపుకొను రకమైనచో ఆ మాట యంత్రమునకు సెట్టింగులలో చెప్పవలెను. లేనిచో మిగిలిన శక్తిని తప్పుగా చూపును. తెర వెలుగు తగ్గించుడు. వేరొక జత సెల్లులు తడి తగలకుండ సంచిలో ఉండవలెను. సెలవులలో యంత్రమును దాచునపుడు సెల్లులు తీసివేయుడు. అవి కారినచో లోపలి రేకులు చెడిపోవును.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది, అంకెల రూపము. ఒకే చోటును మూడు రీతుల వ్రాయవచ్చును. డిగ్రీలు, వాని భాగములు: 12.50700. డిగ్రీలు, నిమిషములు, నిమిషపు భాగములు: 12, 30.420. డిగ్రీలు, నిమిషములు, సెకనులు: 12, 30, 25.2. ఈ మూడును ఒకే చోటు. రెండవదానిని నావలె చదివినవాడు అరకిలోమీటరు తప్పును. దానినే డిగ్రీల భాగములని 12.30420గా వ్రాసికొన్నవాడు ఇరువదిరెండు కిలోమీటర్లు తప్పి, అంచెట్టి దాటిపోవును.

పటముతో సరిచూచువారు ఇంకొక సంగతి గమనింపవలెను. ఈ దేశపు పాత పటములకు పునాది మన చెంతనే పడినది. 1802లో ల్యాంబ్టను అను దొర మద్రాసు చెంత సెయింటు థామసు మౌంటువద్ద ఉక్కు గొలుసుతో నేల కొలిచి, త్రిభుజములు పన్నుచు బెంగుళూరు వైపు వచ్చినాడు. అనగా మన ప్రాంతముల మీదుగనే. ఆయన తరువాత ఎవరెస్టు దొర 1830లో గణించిన భూమి ఆకారముపై ఆ పటములు గీయబడినవి. ఈ యంత్రము వేరొక ఆకారమును, డబ్ల్యు.జి.యస్. 84 అనుదానిని, ఆధారము చేసికొన్నది. పాత పటముపై యంత్రపు అంకెలను అట్లే గుర్తించిన, చోటు నూరు మీటర్లకు పైగా తప్పవచ్చును. 2005 తరువాత సర్వే శాఖవారు ప్రజల కొరకు వెలువరించిన పటములు యంత్రముతో సరిపడును.

కావున ఈ సంవత్సరము మేము చేయబోవునది ఇది. యంత్రములన్నియు, ఫోనులన్నియు ఒకే రూపమున అంకెలు చూపునట్లు బడిలోనే అమర్చెదము. చోటు చెప్పునపుడు ఏ రూపమో ముందు చెప్పి, ఒక్కొక్క అంకెను విడివిడిగా, చుక్కను "చుక్క" యనియే చదివెదము. వినినవాడు తిరిగి చదివి వినిపించవలెను. కావలివానితో అరవములోను అట్లే చెప్పెదము. బండివద్ద గుర్తు పెట్టక ఎవరును అడుగు వేయరాదు. ప్రతి జట్టునకు ఒక దిక్సూచి, కాగితపు పటము, ఈల ఉండును. యంత్రము లేనిదే తిరిగి రాలేని చోటికి ఏ జట్టును పోదు. మేము పోవు దారి, తిరిగి వచ్చు వేళ వ్రాసిన కాగితము ముందే మీ చేతికిచ్చెదము. ఆ వేళకు మా కబురు రానిచో ఎవరిని పిలువవలెనో అందులోనే ఉండును.

వచ్చు ఆదివారము ఉదయము బడి మైదానమున పిల్లలు ఈ యంత్రముతో అభ్యాసము చేయుదురు. మీరును రండు. మీ పిల్లవాడు చదివిన అంకెలను మీరు వ్రాసికొని, ఆ చోటు వెదకి చూడుడు. ఆనాడు కాగితము వెనుక లెక్క దిద్దిన బాలికయే ఇప్పుడు పై తరగతి చదువుచు, ఆ దినమున వచ్చి నేర్పుదునని ఒప్పుకొన్నది.

నన్ను ప్రశ్నించిన ఆ తల్లి ఈ సభలోనే యున్నది. అమ్మా, పిల్లలు దారి తప్పరని నేను మాట యియ్యలేను. అడవిలో అట్టి మాట ఎవరును ఇయ్యలేరు. దారి తప్పినచో తామున్న చోటును సరిగా చదివి చెప్పుటకు పిల్లలకును, సరిగా విని వ్రాసికొనుటకు నాకును నేర్పు కలిగిన తరువాతనే బయలుదేరుదుమని మాత్రము మాట యిచ్చుచున్నాను. ఆదివారమునాటి అభ్యాసము చూచి మీకు తృప్తి కలిగినచో సంతకము చేయుడు. కలుగనిచో ఆ లోపమేమో నాకు చెప్పుడు. అది తీరువరకు ప్రయాణమును వాయిదా వేసెదము.

సెలవు.